క్యూబు ఒక మాట, సెల్ మరో మాట: సిమెంట్ స్లర్రీ బల పరీక్షలో నమూనా తయారీపై కేస్ స్టడీ

చమురు బావిలో కేసింగ్ (బావిలోకి దించే ఉక్కు గొట్టం) చుట్టూ పంపిన సిమెంట్ ఎన్ని గంటలకు గట్టిపడుతుందో ల్యాబ్ ముందే చెప్పాలి. ఆ గంటలను బట్టే రిగ్గు మీద పని ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. సంపీడన బలం 500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), అంటే దాదాపు 3.4 మెగాపాస్కల్స్‌కు చేరాక గొట్టం అడుగున ఉన్న సిమెంటును తొలిచి ముందుకు వెళ్లవచ్చన్నది ఈ రంగంలో చాలామంది పాటించే లెక్క. ఆ 500 ఎప్పుడొస్తుందన్నదే డ్రిల్లింగ్ బృందం అడిగే మొదటి ప్రశ్న. ఈ కేసులో ఆ ప్రశ్నకు ఒకే ల్యాబ్ నుంచి, ఒకే స్లర్రీకి, అంటే సిమెంటూ నీరూ కలిపిన జావకు, రెండు జవాబులు వచ్చాయి.

స్లర్రీలో విశేషమేమీ లేదు. చమురు బావులకు వాడే క్లాస్ జి సిమెంట్, సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 1.90 గ్రాములు, నీరు రాతిపొరల్లోకి ఇంకిపోకుండా ఒక అడిటివ్ (కలిపే రసాయనం), పల్చబరచడానికి డిస్పర్సెంట్, గట్టిపడటాన్ని ఆలస్యం చేయడానికి తగుమాత్రం రిటార్డర్, నురుగు రాకుండా డీఫోమర్. బావి అడుగున స్థిర ఉష్ణోగ్రత 90 డిగ్రీల సెల్సియస్. సుమారు 110 డిగ్రీలు దాటితే గట్టిపడిన సిమెంట్ రోజులు గడిచేకొద్దీ బలం కోల్పోతుంది కాబట్టి, అలాంటి బావులకు సిమెంట్ బరువులో 35 శాతం దాకా సిలికా పొడి కలుపుతారు. ఇక్కడ ఆ అవసరం లేదు.

బలాన్ని రెండు దారుల్లో కొలిచారు. మొదటిది పాతది, సూటిది. స్లర్రీని రెండంగుళాల క్యూబు అచ్చుల్లో పోసి, బావిలోని వేడికి 20.7 మెగాపాస్కల్స్ ఒత్తిడి కింద క్యూరింగ్ చేసి (గట్టిపడనిచ్చి), బయటకు తీసి ప్రెస్సులో పగలగొట్టడం. రెండోది అల్ట్రాసోనిక్ సిమెంట్ అనలైజర్. ల్యాబుల్లో అందరూ యూసీఏ అంటారు. ఉక్కు సెల్‌లో స్లర్రీ పోసి మూతలు బిగించి, వేడి, ఒత్తిడి కల్పించి, ఒక మూత నుంచి మరో మూతకు శబ్ద తరంగాన్ని పంపుతుంది. తరంగం ఒక అంగుళం దాటడానికి ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో కొలిచి, దాని నుంచి బలాన్ని లెక్కగడుతుంది. నమూనాను పగలగొట్టకుండానే, బలం గంటగంటకూ ఎలా పెరుగుతోందో గీత గీసి చూపిస్తుంది.

24 గంటలకు క్యూబులు చెప్పిన బలం ఎక్కువ, సెల్ చెప్పింది బాగా తక్కువ. పైగా ఒకే అచ్చులోని మూడు క్యూబులు కూడా ఒకదానితో ఒకటి ఏకీభవించలేదు. కొందరు సిమెంట్ లాట్‌ను అనుమానించారు. కొందరు యంత్రం కాలిబ్రేషన్ (కొలత సర్దుబాటు) పోయిందన్నారు. సెల్ చెప్పిన తక్కువ బలాన్నే నమ్మి రిటార్డర్ మోతాదు తగ్గిద్దామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. ఆ మూడో మాట విన్నప్పుడే నాకు ఆందోళన కలిగింది. రిటార్డర్ తగ్గిస్తే స్లర్రీ చిక్కబడే సమయం కూడా తగ్గుతుంది. ల్యాబ్‌లో తప్పుగా వచ్చిన ఒక అంకెను సరిచేయబోయి, పంపింగ్ పూర్తికాకముందే సిమెంటును గొట్టంలో గడ్డకట్టించుకునే ప్రమాదం అది. అందుకే సమీక్ష నా చేతికి వచ్చాక ముందుగా కోరింది ఒక్కటే: ఫార్ములా జోలికి ఎవరూ వెళ్లకూడదు, నమూనా ఎలా తయారవుతోందో మొదటి నుంచి చివరి దాకా చూడనివ్వాలి.

గీత చెప్పిన ఆనవాలు

బల్ల దగ్గరకు వెళ్లేముందు పాత పరీక్షల గీతలు తీయించాను. వాటిలో ఒక లక్షణం కొట్టొచ్చినట్టు కనిపించింది. మొదటి గంటల్లో తరంగ ప్రయాణ కాలం సరిగ్గా ఉండవలసిన చోటే ఉంది. సిమెంట్ గట్టిపడటం మొదలయ్యాక మాత్రం ఆ కాలం తగ్గవలసినంత తగ్గలేదు. గంటలు గడిచేకొద్దీ తేడా పెరిగింది.

దీని వెనక ఉన్న లెక్క ప్రతి టెక్నీషియన్‌కూ తెలిసి ఉండాలని నా అభిప్రాయం. గది ఉష్ణోగ్రతలో నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,480 మీటర్లు వెళ్తుంది. అంటే అంగుళానికి దాదాపు 17 మైక్రోసెకన్లు. ఇంకా ద్రవంగా ఉన్న స్లర్రీలోనూ వేగం దీనికి దగ్గరగానే ఉంటుంది. అదే స్లర్రీ గట్టిపడి, వేగం 3,000 మీటర్లకు చేరితే అంగుళానికి ఎనిమిదిన్నర మైక్రోసెకన్లు చాలు. సెల్‌లో రెండు మూతల మధ్య దూరం మారదు, యంత్రం ఆ దూరమంతా సిమెంటే ఉందనుకుని భాగిస్తుంది. ఇప్పుడు ఆ దూరంలో ఇరవయ్యో వంతు నీటి పొర ఉందనుకుందాం. 8.5లో 95 శాతం 8.08, 17లో 5 శాతం 0.85, కలిపితే 8.93. సిమెంట్ మెత్తగా ఉన్నందువల్లే తరంగం నెమ్మదించిందని యంత్రం తీర్మానిస్తుంది. గట్టిపడిన దశలో ప్రయాణ కాలం కాస్త మారినా లెక్కలో బలం ఎక్కువగా మారుతుంది కాబట్టి, కాలంలో వచ్చిన ఈ 5 శాతం తేడా బలంలో అంతకు మించిన తేడాగా పడుతుంది.

స్లర్రీ ద్రవంగా ఉన్నప్పుడు మాత్రం ఆ పొర కనబడదు. నీటిలోనూ స్లర్రీలోనూ వేగం దగ్గరదగ్గరే కదా. అందుకే మొదట బాగుండి, తర్వాత కిందికి ఒరిగే గీతను చూస్తే నేను ముందు పై మూత కింద నీటి పొరను అనుమానిస్తాను. కాలిబ్రేషన్ తప్పయితే మొదటి నిమిషం నుంచే కనిపించాలి. సెల్‌ను ఉత్త నీటితో నింపి చూస్తే రావలసిన కాలమే వచ్చింది. యంత్రం మీది అనుమానం అక్కడితో తీరింది.

పొడి నుంచి స్లర్రీ దాకా

సిమెంట్ నమూనా గాలి చొరబడని డబ్బాలో వచ్చింది, లాట్ వివరాలు సరిపోయాయి. డబ్బా పైభాగంలో చిన్న ఉండలు కనిపించాయి. తేమ తగిలిన ఆనవాలు అది. 850 మైక్రాన్ల జల్లెడతో జల్లించి, ఉండలు తీసేసి, అడుగు నుంచి పైదాకా బాగా కలిపి తూచాలి. డబ్బా మూత తీసి పైనున్నది పైనే చెంచాతో తోడుకుంటే ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో సిమెంట్ వస్తుంది. కలిపే నీరు కూడా బావి దగ్గర వాడబోయే నీరే కావాలి. దానిలోని లవణాలు గట్టిపడే వేగాన్ని మారుస్తాయి. ఈ ల్యాబ్ ఆ విషయంలో శ్రద్ధగానే ఉంది.

తూకం గురించి ఒక మాట. అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణంలో క్లాస్ జి సిమెంట్ పరీక్షకు 792 గ్రాముల సిమెంట్, 349 గ్రాముల నీరు. కలిపితే 600 మిల్లీలీటర్ల స్లర్రీ. అందులో 10 గ్రాముల నీరు ఎక్కువైతే నీటి నిష్పత్తి 44 నుంచి 45.3 శాతానికి పెరుగుతుంది. సాంద్రత మాత్రం 1.90 నుంచి సుమారు 1.886కు దిగుతుంది, అంతే. సాంద్రత చూసే కాటాలో ఆ తేడా రీడింగ్ పొరపాటులో కలిసిపోవచ్చు, బలంలో మాత్రం దాగదు. అందుకని సాంద్రత సరిపోయిందని తూకాన్ని తేలికగా తీసుకోకూడదు. నీరు తూచిన పాత్రను బ్లెండర్ గిన్నెలోకి వంపాక గోడలకు ఎంత మిగిలిందో కూడా తూచి చూసుకోవాలి. ద్రవ అడిటివ్‌లలో కూడా నీరు ఉంటుంది, దాన్ని మొత్తం నీటిలోంచి తీసివేయాలి. సాంద్రతను ఒత్తిడితో మూసే కాటాలోనే చూడాలి. మామూలు కాటాలో స్లర్రీలో చిక్కుకున్న గాలి అంకెను తగ్గించి చూపిస్తుంది. అది చూసి సిమెంట్ ఎక్కువ వేసేవాళ్లను నేను చూశాను.

బ్లెండర్ దగ్గర అసలు విషయం బయటపడింది. పద్ధతి అందరికీ తెలిసిందే: నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుండగా 15 సెకన్లలో సిమెంట్ అంతా వేయాలి, మూతపెట్టి 12,000 చుట్ల దగ్గర 35 సెకన్లు కలపాలి. ఈ స్లర్రీ వేసేటప్పుడు చిక్కగా ఉంటుంది. సిమెంట్ పడేకొద్దీ మోటారు బరువెక్కి, వేగం తగ్గుతూ కనిపించింది. 35 సెకన్ల దశలోనూ 12,000కు చేరుకోలేదు. గడియారం మాత్రం ఖచ్చితంగా చూసుకుంటున్నారు.

కలిపే శక్తి వేగానికి వర్గంలో పెరుగుతుంది. 12,000కు బదులు 10,000 చుట్లే తిరిగిందనుకుంటే, రెండు దశలూ కలిపి స్లర్రీకి అందే శక్తి దాదాపు 29 శాతం తగ్గిపోతుంది. ప్రమాణం ప్రకారం కిలోకు 5.9 కిలోజౌళ్లు రావలసిన చోట 4.2 దగ్గర ఆగిపోతుంది. సిమెంట్ రేణువుల గుత్తులు పూర్తిగా విడిపోవు. నీరు, రిటార్డర్ అన్ని రేణువులకూ సమానంగా అందవు. అదే స్లర్రీలోంచి తీసిన మూడు క్యూబులు మూడు రకాలుగా ప్రవర్తించడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు. కలిపే పరిమాణాన్ని పెంచినా ఇదే జరుగుతుంది. శక్తి పరిమాణానికి విలోమంగా మారుతుంది కాబట్టి, 'ఒకేసారి కాస్త ఎక్కువ కలిపేద్దాం' అనే అలవాటు ఈ పనిలో పనికిరాదు.

బ్లేడును విప్పించి తూయించాం. కొత్తగా ఉన్నప్పటి బరువులో పది శాతం తగ్గితే మార్చేయాలన్నది నియమం. బ్లేడు ఆ హద్దుకు బాగా దగ్గరగా ఉంది, అంచులు మొద్దుబారాయి. బ్లేడు మార్చి, మోటారు వేగ నియంత్రణను సరిచేయించాం. బ్లేడు బరువు రాసే పుస్తకం ఆ ల్యాబ్‌లో ఉంది; అందులో బ్లేడు వేసిన తేదీ తప్ప మధ్యలో తూకాలు లేవు. ఇప్పుడు ప్రతి వారం తూచి రాస్తున్నారు.

కలిపిన స్లర్రీని నేరుగా అచ్చుల్లో పోయకుండా, బావిలోకి దిగేటప్పుడు ఎదురయ్యే వేడిలో తిప్పుతూ కండిషనింగ్ చేయాలి. స్లర్రీని వేడిలో తిప్పే వాతావరణ పీడనపు కన్సిస్టోమీటర్‌లో, నిమిషానికి 150 చుట్ల దగ్గర. ఇక్కడ ఒక పెద్ద తేడా దొరికింది. సెల్‌కు పోసే స్లర్రీని కండిషనింగ్ చేస్తున్నారు, క్యూబులకు పోసేది బ్లెండర్ నుంచి నేరుగా వెళ్తోంది. రెండు పనులు ఇద్దరు వేర్వేరు వ్యక్తులు, వేర్వేరు పూటల్లో చేస్తున్నందువల్ల ఎవరికీ అది తేడాగా తోచలేదు. ఇద్దరి పనీ విడివిడిగా చూస్తే తప్పు పట్టలేం. రెండు ఫలితాలను పక్కపక్కన పెట్టి పోల్చడమే తప్పు. అందుకే ఇక నుంచి ఒకే పద్ధతిలో రెండు బ్యాచ్‌లు కలిపి, ఒకే పాత్రలోకి వంచి, మెల్లగా కలియబెట్టి, రెంటికీ ఒకే కండిషనింగ్ ఇచ్చి, అక్కడి నుంచి క్యూబులకూ సెల్‌కూ పంచాలని నిర్ణయించాం.

క్యూబులు

అచ్చుల విషయంలో చెప్పవలసింది తక్కువే. రెండంగుళాల క్యూబులో 131 మిల్లీలీటర్లు పడుతుంది. సగం దాకా పోసి, సన్నని కడ్డీతో 27 సార్లు పొడిచి, మిగతా స్లర్రీని చేత్తో మళ్లీ కలియబెట్టి, అంచు దాటేలా నింపి, మళ్లీ 27 సార్లు పొడవాలి. రెండోసారి పోసేముందు కలియబెట్టడం చాలామంది వదిలేస్తారు. ఆ కొద్ది నిమిషాల్లోనే బరువైన రేణువులు పాత్ర అడుగుకు దిగడం మొదలవుతుంది. మొదటి క్యూబుకూ మూడో క్యూబుకూ తేడా అక్కడే పుడుతుంది.

ఈ ల్యాబ్‌లో గ్రీజు ఎక్కువైంది. అచ్చు మూలల్లో ముద్దలుగా నిలిచిన గ్రీజు క్యూబు అంచులను గుండ్రంగా మార్చింది. బయటకు తీసిన క్యూబును వేలితో తడిమితే పదునైన అంచుకు బదులు జారుడు అంచు తగిలింది. ప్రెస్సులో పడే బరువును మనం నాలుగు చదరపు అంగుళాలతో భాగిస్తాం, అక్కడ నిజంగా ఉన్నది అంతకన్నా తక్కువ. గోడలకు కంటికి కనీకనబడని పల్చటి పూత చాలు. అడుగు పలకకూ అచ్చుకూ మధ్య అతుకులో మాత్రం కారకుండా సరిపడా పెట్టాలి. కారిన అచ్చులోని క్యూబును పారేయాల్సిందే. నీరు పోయి స్లర్రీ చిక్కబడిన క్యూబు మిగతావాటికన్నా ఎక్కువ బలం చూపించి సగటును మోసం చేస్తుంది.

క్యూరింగ్ తర్వాత క్యూబును ఎండనివ్వకూడదు. 27 డిగ్రీల నీటిలో ఉంచి, పరీక్ష వేళకు తీసి, తడి తుడిచి, అచ్చు పక్కగోడలకు ఆనుకున్న నున్నటి ముఖాలు పైకీ కిందికీ వచ్చేలా ప్రెస్సులో పెట్టాలి. బద్దతో చదును చేసిన పైముఖం మీద బరువు వేయకూడదు. బరువు పెంచే వేగం కూడా ముఖ్యమే. 3.4 మెగాపాస్కల్స్ దాటే క్యూబులకు నిమిషానికి 71.7 కిలోన్యూటన్లు, అంతకన్నా మెత్తటివాటికి 17.9. మొదటి వేగంతో 3,000 పీఎస్ఐ క్యూబు ముప్పావు నిమిషంలో పగలాలి. పది సెకన్లలో పగిలిందంటే ప్రెస్సు నడిపిన చేతిని చూడాలి.

సెల్

గీత ముందే చూపిన వేలు ఇటువైపే. అందుకే సెల్ తయారీని నిలబడి, ఒక్కో అడుగూ చూశాను.

సెల్ శుభ్రత బాగుంది. పాత సిమెంట్ గీకి, అడుగు మూత, పై మూత ముఖాలను తుడిచారు. ఓ-రింగులు కొత్తవి వేశారు. లోహపు సీలు కూర్చునే అంచు మీద ఒక్క సిమెంట్ రేణువు ఎండి ఉన్నా ఒత్తిడి పెట్టాక కారుతుంది, పంపు మాటిమాటికీ పనిచేస్తుంది. అందుకే ఆ అంచును గోటితో తడిమి చూసుకోవడం మంచి అలవాటు. ఇక్కడి టెక్నీషియన్ ఆ పని చెప్పకుండానే చేశారు. లోపలి గోడకు గ్రీజు పల్చగా రాశారు. మూత ముఖాల మీద, తరంగం దాటే చోట, గ్రీజు పొర సన్నగా, ఎక్కడా బుడగ లేకుండా ఉండాలి. గాలి బుడగ దగ్గర శబ్దం దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. తరంగ సంకేతం బలహీనపడితే కారణం చాలాసార్లు ఇంత చిన్నదే.

తర్వాత స్లర్రీ పోశారు. అంతా కంటి అంచనాతోనే.

సెల్‌తో పాటు తయారీదారు ఇచ్చే లెవెల్ గేజ్ ఒకటి ఉంటుంది. లోపలికి దించితే స్లర్రీ ఎక్కడిదాకా రావాలో ఒక మెట్టు, ఆ పైన నీరు ఎక్కడిదాకా రావాలో మరో మెట్టు చూపిస్తుంది. పై మూత బిగించినప్పుడు దాని ముఖం స్లర్రీలో మునగాలి. ఆ పైనున్న నీరు పంపు ఒత్తిడిని లోపలికి చేరవేస్తుంది. సిమెంట్ గట్టిపడేటప్పుడు దాని మొత్తం పరిమాణం కుదించుకుపోతుంది కాబట్టి, లోపలికి పీల్చుకోవడానికి కూడా ఆ నీరే కావాలి. గేజ్ సొరుగులో ఉంది.

"చాలా ఏళ్లుగా పోస్తున్నాను సార్, కంటికే తెలిసిపోతుంది" అన్నారు ఆయన.

"మీ చేతి మీద నాకు నమ్మకం ఉందండీ. ఒక్కసారి గేజ్ దించి చూద్దాం" అన్నాను.

గేజ్ దించితే మొదటి మెట్టు స్లర్రీకి తగల్లేదు. ఆయన ముఖం చిన్నబోయింది కానీ, తప్పు ఆయన కంటిది కాదు. వరుసలోనే ఉంది తప్పు. క్యూబులకు, సెల్‌కు కలిపి ఒకే 600 మిల్లీలీటర్ల బ్యాచ్ వాడిన రోజులు ఉన్నాయి. మూడు క్యూబులకు 393 మిల్లీలీటర్లు పోయాక మిగిలేది రెండు వందల పైచిలుకు. బ్లెండర్ గిన్నెకు, కప్పుకు, తెడ్డుకు అంటుకున్నది పోగా సెల్‌కు కొరత పడింది. ఆ కొరతను నీటితో నింపేశారు. పైగా అది పాత్ర అడుగున మిగిలిన స్లర్రీ. సెల్‌కు విడిగా బ్యాచ్ కలిపిన రోజుల్లోనూ, అలవాటైన ఎత్తుకే పోశారు.

నీరు పోసిన తీరు కూడా సమస్యే. సీసా వంచి ధారగా పోస్తే నీరు స్లర్రీ ఉపరితలాన్ని గుంట చేసి, పై పొరలో కలిసిపోతుంది. అక్కడ ఏర్పడేది సిమెంటూ కాదు, నీరూ కాదు. పల్చబడిన ఒక పొర. అది ఆలస్యంగా గట్టిపడుతుంది, ఎప్పటికీ మిగతా నమూనా అంత గట్టిపడదు. తరంగం దాని గుండానే వెళ్లాలి. పరీక్ష ముగిసిన పాత నమూనాలు చెత్తబుట్టలో దొరికాయి. ఒకదాని పై ముఖాన్ని గోటితో గీకితే సుద్దలా రాలింది, కింది ముఖం మీద గోరు జారిపోయింది. ల్యాబ్ అధిపతికి నేను ఇచ్చిన ఆధారాల్లో అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది ఆ ముక్కే. ఇప్పుడు పెద్ద సిరంజితో, గోడ వెంబడి, మెల్లగా నీరు దించుతున్నారు.

ఉష్ణోగ్రత సంగతి. కండిషనింగ్ నుంచి వచ్చిన వేడి స్లర్రీని చల్లటి ఉక్కు సెల్‌లో పోస్తే ఆ ఉక్కు వేడిని లాగేసుకుంటుంది. మళ్లీ వేడెక్కడానికి పట్టే సమయం గీతను కుడివైపు జరుపుతుంది. సెల్‌ను, అచ్చులను రెంటినీ ముందే వేడి చేయించాం. ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్ చివర స్లర్రీని తాకుతోందో లేదో చూడటం కూడా తప్పనిసరి చేశాం. అది పైనున్న నీటిలో ఆగిపోతే మనకు కనబడేది నీటి ఉష్ణోగ్రత. సిమెంట్ గట్టిపడేటప్పుడు తనంతట తాను పుట్టించే వేడి ఆ అంకెలో సరిగా కనిపించదు.

భద్రత గురించి ఇక్కడే చెప్పాలి. సెల్ విప్పేముందు ఒత్తిడి గేజ్ సున్నా చూపించడం చాలదు. ఒత్తిడి చేరవేసే సన్నని దారిలోకి సిమెంట్ చొరబడి గడ్డకడితే, గేజ్ వైపు సున్నా ఉన్నా లోపల ఒత్తిడి అలాగే నిలిచి ఉండవచ్చు. చల్లారాక పై మూత చేతికి తేలికగా తిరగకపోతే అక్కడే ఆపాలి. పొడుగాటి పిడి తగిలించి బలవంతంగా తిప్పకూడదు. మనిషిని గాయపరచగల సందర్భం అది. తర్వాత పరీక్షకు ముందు ఆ దారిని, వడపోతను ఊది శుభ్రం చేయాలి. అది మూసుకుపోయిన రోజు ఒత్తిడి నమూనాకు చేరకుండానే పరీక్ష నడిచిపోతుంది, తెర మీద ఏ హెచ్చరికా రాదు.

సరిచేశాక

కొత్త బ్లేడు, ఒకే పాత్ర నుంచి పంపకం, ఒకే కండిషనింగ్, గేజ్ ప్రకారం నింపడం. వీటితో అదే లాట్ సిమెంటును, అదే ఫార్ములాను మళ్లీ పరీక్షించాం. మూడు క్యూబులు దగ్గరకు వచ్చాయి. సెల్ గీత మొదటి గంటల్లో పాత గీత మీదే నడిచి, తర్వాత దాన్ని వదిలి పైకి వెళ్లింది. లాట్‌ను ఎవరూ వెనక్కి పంపలేదు, రిటార్డర్ మోతాదు మారలేదు.

క్యూబుల బలానికీ సెల్ బలానికీ మధ్య కొంత తేడా మిగిలింది. అది ఉండాల్సిందే. సెల్ బలాన్ని కొలవదు, శబ్ద వేగం నుంచి లెక్కిస్తుంది. ఆ లెక్క సూత్రం ఎన్నో స్లర్రీల క్యూబులను పగలగొట్టి గీసిన సగటు గీత. అడిటివ్‌లు మారితే, ముఖ్యంగా తేలికపాటి స్లర్రీల్లో, అదే వేగం వేరే బలానికి గుర్తు అవుతుంది. మిగిలిన తేడాను సూత్రం మీదికి నెట్టేసే హక్కు మాత్రం తయారీ సరిగా ఉందని తేలాకే వస్తుంది. ముందుగా ఆ మాట అనేసి ఉంటే చెత్తబుట్టలోని సుద్దముక్క అక్కడే ఉండిపోయేది.

ఈ స్లర్రీకి సొంత పోలిక కోసం కొన్ని వేర్వేరు వయసుల్లో క్యూబులు పగలగొట్టి, ఆయా గంటలకు సెల్ చూపిన ప్రయాణ కాలంతో జతచేసి ఒక చిన్న గీత గీశాం. రిపోర్టులో సెల్ బలం పక్కన 'శబ్ద వేగం నుంచి లెక్కించినది' అని, క్యూబు బలం పక్కన 'పగలగొట్టి కొలిచినది' అని రాయడం మొదలైంది. రెంటికీ క్యూరింగ్ ఒత్తిడి, ఉష్ణోగ్రత పెంచిన క్రమం, కండిషనింగ్ వివరాలు ఒకే వరుసలో ఉంటాయి. వాతావరణ పీడనంలో నీటి తొట్టెలో క్యూరింగ్ చేసిన క్యూబును ఒత్తిడి కింది సెల్‌తో పోల్చకుండా ఆ వరుస అడ్డుకుంటుంది.

రిగ్గుకు పంపిన 500 పీఎస్ఐ సమయం సెల్ గీతలోంచి తీసుకున్నదే. దాన్ని పంపేముందు సరిగ్గా ఆ గంటకు మూడు క్యూబులను బయటకు తీసి, మెత్తటి క్యూబులకు చెప్పిన నెమ్మది వేగంతో, నిమిషానికి 17.9 కిలోన్యూటన్లతో పగలగొట్టి చూశాం. మూడూ 500 దాటాకే ఆ సమయాన్ని కాగితం మీద పెట్టి సంతకం చేశాను.